ఒక్క బిళ్లలో రెండు మందులు: బీపీ కాంబినేషన్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సినవి

మెడికల్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఈ మాట వినిపిస్తుంది: "బీపీ బిళ్లలు ఒక షీటు ఇవ్వండి. పేరు చివర ఏఎం అని ఉంటుంది." ఇంకొకరి షీటు మీద హెచ్ ఉంటుంది, మరొకరి దాని మీద ఎల్‌ఎన్, వేరొకరి దాని మీద ఏఎంహెచ్. వేసుకునేవాళ్లకు అది పేరుకున్న తోక. అసలు విషయం ఆ తోకలోనే ఉంది. ముందున్న పేరు టెల్మిసార్టాన్‌ది అయితే, వెనకున్న ఏఎం సాధారణంగా రక్తనాళాలను వదులు చేసే ఆమ్లోడిపిన్, ఎల్‌ఎన్ అంటే అదే పని చేసే సిల్నిడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు తీసే మందు. ఏఎంహెచ్ అంటే ఒక్క బిళ్లలో మూడు మందులన్నమాట. ఈ అక్షరాలకు అందరూ పాటించే పద్ధతంటూ లేదు. క్లోర్‌థాలిడోన్, సిల్నిడిపిన్ రెండూ ఇంగ్లిష్‌లో 'సీ'తోనే మొదలవుతాయి. మొదటిది నీరు తీసేది, రెండోది రక్తనాళాలను వదులు చేసేది. అక్షరం చూసి ఊహించుకుంటే పొరపడతాం.

కాంబినేషన్ బిళ్ల మంచి మందు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే "రెండు కలిపిన మందు కదా, పవర్ ఎక్కువ, కిడ్నీలు పోతాయి" అని భయపడి మానేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నిజానికి కిడ్నీలను పాడుచేసేది అదుపు తప్పిన బీపీ. ఈ బిళ్లలతో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వేరే చోట ఉంది. లోపల ఏ మందులున్నాయో వేసుకునే మనిషికీ, ఇంట్లోవాళ్లకీ, కొన్నిసార్లు రెండో డాక్టరుకీ తెలియదు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

అసలు రెండు మందులు ఎందుకు కలుపుతారు? బీపీ పెరగడానికి ఒక్క కారణం ఉండదు. రక్తనాళాలు బిగుసుకోవడం, ఒంట్లో ఉప్పూ నీరూ నిలవడం, కిడ్నీలు వదిలే రెనిన్‌తో మొదలయ్యే హార్మోన్ల వరస, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఒక దారి మూస్తే శరీరం ఇంకో దారి వెతుక్కుంటుంది. నీరు తీసే మందు ఇస్తే ఉప్పు బయటికి పోయి బీపీ తగ్గుతుంది, కానీ ఆ లోటు పసిగట్టిన కిడ్నీ రెనిన్ పెంచి నాళాలను మళ్లీ బిగిస్తుంది. టెల్మిసార్టాన్ లాంటి 'సార్టాన్' మందు తోడుంటే ఆ రెండో దారి కూడా మూసుకుంటుంది. ఒకే మందు డోసును రెట్టింపు చేయడం కన్నా వేరే రకం మందు ఒకటి కలిపితే బీపీ సుమారు 5 రెట్లు ఎక్కువగా తగ్గుతుందని, 42 పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2009లో తేల్చింది. మామూలు డోసును సగానికి తగ్గించినా మందు పనితనంలో దాదాపు 80 శాతం మిగులుతుంది. అందుకే రెండు చిన్న డోసులు కలిసి ఒక పెద్ద డోసు కన్నా బాగా పనిచేస్తాయి.

ఇంకో మేలు కూడా ఉంది. ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్లలో కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఈ మందు రక్తం వచ్చే వైపు చిన్న నాళాలను బాగా తెరుస్తుంది, రక్తం తిరిగి వెళ్లే వైపు మాత్రం అంతగా తెరవదు. దాంతో మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. సార్టాన్ ఆ తిరిగి వెళ్లే వైపును కూడా వదులు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది. అలాగే నీరు తీసే మందు రక్తంలో పొటాషియంను తగ్గిస్తే, సార్టాన్ దాన్ని కొంత పెంచి సరిచేస్తుంది. ఏ రెండు మందులు పడితే ఆ రెండు కలపరు. ఒకదాని లోటును మరొకటి పూడ్చేలా జత కుదురుస్తారు.

దీనికి ఆధారాలు మన పొరుగునే ఉన్నాయి. శ్రీలంకలో 700 మందిపై జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో టెల్మిసార్టాన్ 20, ఆమ్లోడిపిన్ 2.5, క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు ఒకే బిళ్లగా ఇచ్చారు. ఆరు నెలల తర్వాత వాళ్లలో 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. మామూలు పద్ధతిలో మందులు వాడినవాళ్లలో అది 55 శాతం. భారత్‌లో దాదాపు 2 వేల మందిపై మూడు రకాల జంటలను పోల్చి చూసిన టాప్‌స్పిన్ అనే పరిశోధనలో మూడూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఇలాంటి బిళ్లలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 2021 నాటి మార్గదర్శకాల్లో, వీలైతే ఒకే బిళ్లగా కాంబినేషన్‌తో వైద్యం మొదలుపెట్టవచ్చని చెప్పింది. తెలంగాణ 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి విడత రాష్ట్రాల్లో ఒకటి. అందులో వాడే ప్రధాన మందులు కూడా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్.

అలాగని అందరికీ మొదటి రోజే రెండు మందులు అక్కర్లేదు. బాగా వయసు మళ్లి బలహీనంగా ఉన్నవాళ్లకీ, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లకీ, బీపీ 140/90 దాటీ దాటనట్టు ఉన్నవాళ్లకీ ఒక మందుతో మొదలుపెట్టి చూడటమే మేలు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఒకే మందు రెండు పేర్లతో కడుపులోకి వెళ్లడం. ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూస్తే బాగా అర్థమవుతుంది. అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడకు ప్రభుత్వ ఆస్పత్రిలో ఆమ్లోడిపిన్ 5 ఇస్తున్నారు. కొడుకు పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన బిళ్ల రాశాడు. పాతది మానమని ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా ఆవిడకు ఎక్కలేదు. పైగా ఆ చిన్న తెల్ల బిళ్ల వేరు, ఈ రంగు బిళ్ల వేరు. రెండూ వేసుకుంటోంది. రోజుకు ఆమ్లోడిపిన్ 10 అయింది. నెలకు కాళ్లు వాచాయి. దగ్గర్లోని ఆర్‌ఎంపీ చూసి "నీరు చేరింది" అని నీరు తీసే బిళ్ల ఇచ్చాడు. ఆమ్లోడిపిన్ వాపు నీరు తీసే మందుతో తగ్గే రకం కాదు, కాబట్టి వాపు అలాగే ఉంది, రక్తంలో సోడియం మాత్రం పడిపోయింది. ఆవిడ నడకలో తూలుతోంది, ఒక మాటకు ఇంకో మాట చెబుతోంది, పొద్దంతా మగతగా పడుకుంటోంది. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది, మతిమరుపు వస్తోంది" అనుకున్నారు. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు వేశారు, దాని దుష్ఫలితాన్ని ముసలితనమనుకున్నారు. మొదట్లోనే ఎవరైనా రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే ఈ గొలుసు మొదలయ్యేదే కాదు.

పెద్దవాళ్లలో సోడియం పడిపోవడం గురించి ఇంకా కొంచెం చెప్పుకోవాలి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్, నీరు తీసే ఈ మూడు మందుల్లో ఏదైనా దీనికి కారణం కావచ్చు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, కానీ నెలల తర్వాత వేసవిలోనో విరేచనాలప్పుడో కూడా రావచ్చు. సన్నగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లకు ముప్పు ఎక్కువ. ఉన్నట్టుండి మనిషి తికమకపడటం, వికారం, నీరసం, పడిపోవడం కనిపిస్తే వయసు మీదికి తోసేయకుండా ఆ రోజే సోడియం పరీక్ష చేయించాలి. తక్కువ ఖర్చుతో అయిపోయే రక్తపరీక్ష అది.

రెట్టింపు ఇంకో రూపంలో కూడా వస్తుంది. పేరు వేరు, మందు వేరు, పని మాత్రం ఒకటే. గుండె కోసం ఒకరు రామిప్రిల్ రాస్తారు, బీపీకి ఇంకొకరు టెల్మిసార్టాన్ కాంబినేషన్ రాస్తారు. రెండూ ఒకే హార్మోన్ వరసను వేర్వేరు చోట్ల అడ్డుకునేవే. ఈ జంట మీద పాతిక వేలకు పైగా మందితో ఆన్‌టార్గెట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 2008లో ఫలితాలు వచ్చాయి. రెండూ కలిపి వేసుకున్నవాళ్లకు అదనపు లాభమేమీ రాలేదు. బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీ పనితనం తగ్గడం మాత్రం పెరిగాయి. కాబట్టి పేరు చివర 'ప్రిల్' ఉన్న మందూ, 'సార్టాన్' ఉన్న మందూ ఒకే మనిషి డబ్బాలో కనిపిస్తే డాక్టరును తప్పకుండా అడగాలి.

కాంబినేషన్ పేర్ల గందరగోళం బీపీ బిళ్లలతో ఆగదు. మోకాళ్ల నొప్పులకు మన ఊళ్లలో తెగ అమ్ముడుపోయే బిళ్లల్లో చాలావాటి పేరు చివర 'పీ' ఉంటుంది. పీ అంటే పారాసిటమాల్, దాంతో ఏమవుతుందిలే అనుకుంటారు. ముందున్న పేరు అసిక్లోఫెనాక్ లేదా డైక్లోఫెనాక్‌ది. సార్టాన్, నీరు తీసే మందు, ఈ రకం నొప్పుల బిళ్ల, మూడూ కలిస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది. నీరు తీసే మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. నొప్పుల బిళ్ల కిడ్నీ వడపోత గదికి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తుంది. సార్టాన్ ఆ గది నుంచి బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. లోపలికి రాక తగ్గి, బయటికి పోక పెరిగితే వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు. కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితనం తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం, ఎక్కువైపోవచ్చు. పైగా ఈ నొప్పుల బిళ్లలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. పొలం పని చేసి సాయంత్రం ఒళ్లు నొప్పులకు బిళ్ల వేసుకునే అలవాటున్నవాళ్లకూ, కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి ప్రాంతాల వాళ్లకూ ఈ విషయం మరీ ముఖ్యం. నొప్పికి ఒట్టి పారాసిటమాల్ వాడటం మెరుగు. నీళ్లలో బుసబుసమని కరిగే రకం వద్దు, దాంట్లో సోడియం ఎక్కువ.

జలుబు బిళ్లల్లోనూ ఇదే కథ. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటిది కలిసి ఉంటే బీపీ పెరగవచ్చు. అతిమధురం ఎక్కువగా ఉన్న దగ్గు మందులు, కషాయాలు రోజుల తరబడి తాగినా బీపీ పెరిగి పొటాషియం తగ్గుతుంది. నీరు తీసే మందు వాడేవాళ్లకు ఇది రెండింతల నష్టం. మూలికా మందే కదా అని డాక్టరుకు చెప్పకుండా దాచకూడదు.

ఎండాకాలం గురించి విడిగా చెప్పుకోక తప్పదు. రెంటచింతల, రామగుండం వైపు ఎండలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. చెమట రూపంలో ఉప్పూ నీరూ పోతుంటే బీపీ దానంతటదే కొంత తగ్గుతుంది. చలికాలంలో సరిపోయిన డోసు మే నెలలో ఎక్కువ కావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పరిస్థితి ఇంకా వేగంగా మారుతుంది. అలాంటి రోజుల్లో, నీళ్లు కూడా నిలవనప్పుడు, సార్టాన్‌నూ నీరు తీసే మందునూ తాత్కాలికంగా ఆపి, మామూలుగా తిని తాగగలిగిన తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ మొదలుపెట్టమని డాక్టర్లు తరచూ చెబుతారు. విడివిడి బిళ్లలైతే ఇది తేలిక. కాంబినేషన్‌లో మాత్రం ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు, ఆపితే అన్నీ ఆగుతాయి. ఈ బిళ్లకున్న నిజమైన పరిమితి ఇదే. కాబట్టి "వాంతులు, విరేచనాలు అయితే ఈ బిళ్ల ఏం చేయాలి?" అన్న ప్రశ్న జబ్బు పడ్డాక కాకుండా, చీటీ రాయించుకునే రోజే అడిగి, జవాబు అదే చీటీ వెనక రాయించుకోవాలి.

పొటాషియం సంగతి. సార్టాన్ వాడేవాళ్లలో, ముఖ్యంగా కిడ్నీ పనితనం తగ్గినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో పొటాషియం పెరిగే వీలుంది. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. బీపీకి మంచిదని కొనే 'లో సోడియం' ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మంచిదే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, పొటాషియంను ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్ అనే మందు కూడా వాడుతున్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ ప్యాకెట్ తెచ్చుకోకూడదు. రోజుకు రెండు మూడు కొబ్బరి బోండాలు తాగే అలవాటు గురించి కూడా ఇదే మాట. మామూలు ఉప్పు తగ్గించడం మాత్రం అందరికీ వర్తిస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు కూడా నిండకూడదు. ఆవకాయ, ఊరు మిరపకాయలు, అప్పడాలు, వడియాలతో భోజనం సాగే ఇంట్లో అది చాలా కష్టమే. కానీ ఉప్పు తగ్గకపోతే నీరు తీసే మందు ఒక చేత్తో తీస్తుంటే మనం ఇంకో చేత్తో పోస్తున్నట్టే.

బిళ్లను ఎలా దాచుకుంటున్నాం, ఎలా వేసుకుంటున్నాం అన్నదీ లెక్కలోకి వస్తుంది. టెల్మిసార్టాన్‌కు గాలిలోని తేమ పడదు. వారానికి సరిపడా బిళ్లలు షీటులోంచి తీసి ప్లాస్టిక్ డబ్బా గడుల్లో సర్దుకునే పద్ధతి వేరే మందులకు పనికొస్తుంది గానీ దీనికి కాదు. వేసుకునే ముందే షీటులోంచి తీయాలి. షీటును కత్తిరించి రేకుతో సహా గడిలో పెట్టుకోవచ్చు. డోసు తగ్గించుకోవడానికి కాంబినేషన్ బిళ్లను విరవడం కూడా మంచిది కాదు. కొన్ని బిళ్లలు రెండు పొరలుగా తయారవుతాయి, విరిస్తే రెండు మందులూ సమానంగా పంచుకుంటాయన్న నమ్మకం లేదు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ కలిసినవైతే నెమ్మదిగా కరిగేలా చేసినవి కావచ్చు, వాటిని నలపనే కూడదు.

పొద్దున వేసుకోవాలా, రాత్రా అన్న టెన్షన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో 21 వేల మందితో చేసి 2022లో వెల్లడించిన పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం విషయంలో రెండింటికీ తేడా కనిపించలేదు. మరిచిపోని వేళ ఏదైతే అదే మంచి వేళ. ఒక పూట మరిచిపోయి మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు. కాంబినేషన్‌లో ఒకటికి రెండు వేసుకుంటే రెండు మందులూ ఒకేసారి రెట్టింపవుతాయి.

బీపీ 124/78 వచ్చిందని మందు మానేయడం మరో పెద్ద పొరపాటు. ఆ అంకె మందు పనిచేస్తోందని చెబుతోంది, జబ్బు పోయిందని కాదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలా సేపు ఉంటుంది, సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే మానిన రెండు మూడు రోజులూ బీపీ బాగానే కనిపించి "చూశారా, మందు అక్కర్లేదు" అనిపిస్తుంది. తర్వాత మెల్లగా పైకి వెళ్తుంది. మెటోప్రొలాల్, అటెనలాల్ లాంటివి కలిసి ఉంటే ఉన్నట్టుండి ఆపడం గుండెకే ప్రమాదం. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందుతోనూ అంతే, ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కాంబినేషన్ మొదలుపెట్టే ముందూ, మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లోనూ క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడాలి. సార్టాన్ మొదలయ్యాక క్రియాటినిన్ 30 శాతం వరకు పెరిగితే డాక్టర్లు సాధారణంగా కంగారుపడరు, గమనిస్తూ ఉంటారు. ఆ అంకె చూసి సొంతంగా మందు ఆపేసే బదులు రిపోర్టు పట్టుకుని వెళ్లాలి. ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, చేయి బల్లమీద పెట్టి చూడాలి. అరవై దాటినవాళ్లు లేచి నిలబడ్డాక కూడా ఒకసారి చూసుకోవాలి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే డోసు గురించి మాట్లాడాల్సిందే. ప్రోస్టేట్ కోసం వాడే టామ్సులోసిన్ లాంటివి కూడా నిలబడ్డప్పుడు బీపీని తగ్గించగలవు, కాబట్టి అవి వాడే మగవాళ్లకు రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలి పడే ముప్పు ఉంది.

గర్భం విషయంలో సందేహానికి తావు లేదు. సార్టాన్‌లు, ప్రిల్‌లు కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ముప్పై ఐదేళ్లకే బీపీ వస్తున్న ఈ రోజుల్లో పిల్లల్ని కనాలనుకునే అమ్మాయికి టెల్మిసార్టాన్ కాంబినేషన్ రాసి ఉంటే, ముందే చెప్పి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటి వాటికి మార్పించుకోవాలి. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, తర్వాతి చెకప్ దాకా ఆగకూడదు.

ఇన్నింటికీ పనికొచ్చే ఒక పని ఉంది, ఖర్చు లేనిది. షీటు మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లనూ మిల్లీగ్రాములనూ ఒక కాగితం మీద రాసుకోవడం. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలు మందు పేరు కనిపిస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలకు రెండు నిమిషాల పని. బ్రాండ్ లేని జనరిక్ మందులు అమ్మే జనఔషధి దుకాణంలో కొనాలన్నా ఆ పేరే కావాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్లే తల్లిదండ్రులకు ఆ కాగితం మరీ అవసరం. తీసుకెళ్లిన షీట్లు అయిపోతే అక్కడి డాక్టరుకు మన బ్రాండ్ పేరు ఏమీ చెప్పదు. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అక్కడా దొరుకుతాయి. సిల్నిడిపిన్ మాత్రం అమెరికాలో అమ్మకానికే లేదు, దాని బదులు బహుశా ఆమ్లోడిపిన్ రాస్తారు. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాచాయనే ఇక్కడ సిల్నిడిపిన్‌కు మార్చి ఉంటే, ఆ సంగతి కూడా అదే కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపాలి.